సీఎంహెచ్‌సీ అద్దె మార్కెట్ నివేదిక: కెనడాకు కొత్తగా వచ్చేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

కెనడాలో అద్దె ఇంటి కోసం వెతికే తెలుగువారు సాధారణంగా వాట్సాప్ గ్రూపులను, ప్రకటనల సైట్లను, ముందే వచ్చి స్థిరపడిన బంధుమిత్రులను నమ్ముకుంటారు. కెనడా మార్ట్‌గేజ్ అండ్ హౌసింగ్ కార్పొరేషన్ ఏటా వెలువరించే అద్దె మార్కెట్ నివేదికను తెరిచి చూసేవారు మాత్రం చాలా తక్కువ. అందరూ సీఎంహెచ్‌సీ అని పిలిచే ఈ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ఇళ్లు సమకూర్చడానికి 1946లో ఏర్పడింది. ఎవరైనా డబ్బు చెల్లించకుండా, పేరు నమోదు చేసుకోకుండా దింపుకోగలిగిన ఈ నివేదికను, 2021 నుంచి 2024 వరకు వచ్చిన సంచికల ఆధారంగా, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో నివసిస్తూ కొత్తగా వచ్చే విద్యార్థులకు గదులు చూసిపెట్టే వ్యక్తిగా ఇక్కడ సమీక్షిస్తున్నాను. వలసల వల్లనే అద్దెలు ఆకాశాన్నంటాయన్న మాట కొన్నేళ్లుగా ఈ దేశంలో బస్టాపు నుంచి పార్లమెంటు దాకా వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి చేతికి అందుబాటులో ఉన్న ప్రధాన ఆధారం ఇదే కాబట్టి, ఇందులో ఏముందో, ఏం లేదో తెలుసుకోవడం మన అవసరం.

ముందుగా ఇది ఎలా తయారవుతుందో చెప్పాలి. పదివేలు, అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న పట్టణ కేంద్రాలలో, కనీసం మూడు అద్దె యూనిట్లు, అంటే విడివిడి ఇళ్లు, ఉన్న ప్రైవేటు భవనాల యజమానులను, మేనేజర్లను ప్రతి అక్టోబరులో అడిగి వివరాలు సేకరిస్తారు. ఎన్ని యూనిట్లు ఖాళీగా ఉన్నాయి, అద్దె ఎంత, గత ఏడాదిలో అద్దెదారు మారాడా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. పెద్ద నగరాలలో అద్దెకిచ్చిన కాండోల (ఒక్కో ఫ్లాటుకు ఒక్కో యజమాని ఉండే భవనాలలోని ఇళ్ల) మీద వేరే సర్వే జరుగుతుంది. ఫలితాలను నగరాల వారీగా, నగరాల లోపల సర్వే కోసం విభజించిన మండలాల (జోన్ల) వారీగా, బెడ్‌రూమ్‌ల సంఖ్యను బట్టి ఎక్సెల్ పట్టికలలో ఇస్తారు. బ్రాంప్టన్‌కు కూడా టొరంటోతో కలిపేయకుండా విడిగా అంకెలు దొరుకుతాయి. పట్టికలు చదవడం అలవాటు లేనివారికి మొదట కాస్త తికమకగా ఉన్నా, ఒకసారి పద్ధతి పట్టుబడితే తరువాతి ఏడాది అంకె ఎక్కడ ఉంటుందో వెతుక్కోవలసిన పని ఉండదు, ఎందుకంటే అమరికను తరచుగా మార్చరు. ఈ స్థిరత్వం ఈ నివేదికలో నాకు బాగా నచ్చిన గుణం.

దీని విలువ సంచికలను వరుసగా పెట్టి చదివినప్పుడు తెలుస్తుంది. 2020లో కోవిడ్ వల్ల సరిహద్దులు మూతపడి, అంతకుముందు ఏడాది 3,41,000 మందికి శాశ్వత నివాసం ఇచ్చిన దేశం ఆ ఏడాది సుమారు 1,84,000 మందికే ఇవ్వగలిగింది. విదేశీ విద్యార్థుల రాక కూడా పడిపోయింది. అదే ఏడాది టొరంటో ప్రాంతంలో ఖాళీ ఇళ్ల శాతం 1.5 నుంచి 3.4కు పెరిగింది. ఆ తరువాత తలుపులు తెరుచుకున్నాయి. 2021లో 3.1గా ఉన్న జాతీయ ఖాళీల శాతం 2022లో 1.9కి, 2023లో 1.5కి దిగజారింది, సీఎంహెచ్‌సీ 1988 నుంచి ఉంచుతున్న ఈ జాతీయ లెక్కలో అంతకంటే తక్కువ ఎన్నడూ నమోదు కాలేదు. రెండు బెడ్‌రూమ్‌ల ఇంటి అద్దె 2022లో 5.6 శాతం, 2023లో 8 శాతం పెరిగింది. ఆ 2023లోనే కెనడా జనాభా సుమారు 12.7 లక్షలు, అంటే 3.2 శాతం పెరిగింది. 1957 తరువాత అంత వేగం లేదు, ఆ పెరుగుదలలో దాదాపు 98 శాతం వలసల ద్వారా వచ్చినదే. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూసిన ఎవరూ వలసలకూ అద్దెలకూ సంబంధం లేదని అనలేరు, నేనూ అనను. మనవాళ్లలో కొందరు ఈ మాట ఎత్తగానే అది జాతివివక్ష అని కొట్టిపారేస్తుంటారు. వివక్ష ఉన్న చోట ఉంది, కానీ పది ఇళ్లున్న వీధికి పదిహేను కుటుంబాలు వస్తే అద్దె పెరుగుతుందన్నది ఎవరి మీదా ద్వేషంతో చెప్పే మాట కాదు.

అయితే ఆ సంబంధం ఎంత, భారం ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలకు కూడా జవాబు ఈ నివేదికలోనే ఉంది. 2022 సంచిక నుంచి, అద్దెదారు మారిన ఇళ్లనూ పాతవారే కొనసాగుతున్న ఇళ్లనూ వేరుచేసి అద్దె పెరుగుదల చూపిస్తున్నారు. నా దృష్టిలో మొత్తం నివేదికకు ప్రాణం ఈ విభజనే. 2022లో పాతవారే ఉన్న రెండు బెడ్‌రూమ్‌ల ఇళ్లలో సగటు అద్దె 2.8 శాతం పెరగగా, అద్దెదారు మారిన ఇళ్లలో 18.2 శాతం పెరిగింది. 2024లో అద్దెదారు మారిన ఇళ్లలో పెరుగుదల 23.5 శాతం. దీనికి కారణం టొరంటో, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలోని వారికి తెలిసిందే: 2018 నవంబరు 15కు ముందు నుంచి జనం నివసిస్తున్న ఇళ్లలో, ఉన్న అద్దెదారుకు ఏటా ఎంత పెంచవచ్చో ప్రభుత్వమే పరిమితి నిర్ణయిస్తుంది, 2023, 2024, 2025లలో అది 2.5 శాతం, కానీ ఆ అద్దెదారు ఖాళీ చేశాక కొత్తవారి దగ్గర ఎంత అడగాలన్నది యజమాని ఇష్టం. విమానం దిగినవారికి పాత ఒప్పందం అంటూ ఏదీ ఉండదు. వారు తీసుకునే ప్రతి ఇల్లూ అద్దెదారు మారిన ఇల్లే. కాబట్టి పెరుగుదలలో పెద్ద వాటా మోసింది పదేళ్లుగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న స్థానికుడు కాదు. నిన్న వచ్చిన విద్యార్థి, మొన్న వచ్చిన ఉద్యోగి, వారితో పాటు పెళ్లయి వేరు కాపురం పెట్టబోయే స్థానిక యువజంట. వలసదారుడు అద్దె పెంచాడని అనేవారు, పెరిగిన అద్దెను అందరికంటే ముందు కడుతున్నదీ అతడేనన్న సంగతి ఈ ఒక్క పట్టికలో చూడవచ్చు.

ఇదే విషయం తెలియక నివేదికను తప్పుగా అర్థం చేసుకున్న సందర్భం ఒకటి చెబుతాను. వరంగల్ నుంచి ఒక విద్యార్థి తండ్రి ఫోన్ చేసి, "అన్నా, నేనే నెట్‌లో చూసిన, అక్కడ రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు సగటున పద్నాలుగు వందల డాలర్లని గవర్నమెంటే రాసింది. మరి మావోడు ఒక్క రూముకే ఎనిమిది వందలంటున్నడు, ఎవడన్న మోసం చేస్తున్నడా?" అని అడిగారు. ఆయన చూసిన అంకె అబద్ధం కాదు. 2024 నివేదికలో జాతీయ సగటు 1,447 డాలర్లు. కానీ అది దేశమంతటి సగటు. పైగా అందులో ఎన్నో ఏళ్లుగా ఇల్లు మారని వారి పాత అద్దెలు కూడా కలిసి ఉన్నాయి. టొరంటో ప్రాంతంలో అద్దె కోసమే కట్టిన భవనాలలోనే ఆ సగటు రెండు వేలకు కాస్త తక్కువ; కాండోలలో దానికంటే చాలా ఎక్కువ. కొత్తగా వచ్చే మనిషికి కావలసింది ఈ రోజు ఖాళీ అయిన ఇంటికి ఎంత అడుగుతున్నారన్నది. నివేదిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలలో కనిపించే అంకె అది కాదు. ముఖచిత్రానికి ఎక్కిన సగటు పక్కనే అద్దెదారు మారిన ఇళ్ల సగటును కూడా అంతే పెద్దగా వేస్తే, హనుమకొండలో, గుంటూరులో కూర్చుని పిల్లల ఖర్చు లెక్క వేసుకునే తల్లిదండ్రులకు ఎంతో మేలు జరుగుతుంది.

కారణాల విశ్లేషణలో నివేదిక రచయితలు నిజాయితీగా వ్యవహరించారనే చెప్పాలి. వలసలను దాచలేదు, వలసల మీదకే అంతా నెట్టేయనూ లేదు. 2023 సంచికలో వారు ఎత్తిచూపిన మరో ముఖ్య కారణం, ఇల్లు కొనగలిగే స్థితి తప్పిపోయి అద్దెలోనే ఉండిపోయినవారు. బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 2022 మార్చి తొలినాళ్లలో 0.25 శాతం ఉండగా, 2023 జూలైకి 5 శాతానికి చేరింది. ఫలితంగా ఒక విచిత్రం జరిగింది: 2022 ఫిబ్రవరిలో ఎనిమిది లక్షల డాలర్లు దాటిన దేశవ్యాప్త సగటు ఇంటి ధర, ఆ తరువాత రికార్డు స్థాయిలో జనం వచ్చినా తగ్గింది, అద్దె మాత్రం పెరిగింది. కొత్తగా వచ్చినవారు మొదట కొనరు, అద్దెకే ఉంటారు. కొనవలసిన స్థానికులు వడ్డీకి భయపడి అద్దె ఇల్లు వదలరు. రెండు వైపుల నుంచీ ఒత్తిడి అద్దె మీదే పడుతుంది. ఇళ్ల ధరలను వలసలే నడిపిస్తున్నాయని చెప్పేవారికి 2022, 2023 అంకెలు మింగుడు పడవు. అమెరికా నగరాల మీద ఆల్బర్ట్ సైజ్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన పరిశోధనలో, నగర జనాభాలో ఒక శాతానికి సమానమైన వలసదారులు వస్తే అద్దెలు సుమారు ఒక శాతం పెరుగుతాయని తేలింది. ఆ కొలతను ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం సరికాదు, ఇళ్ల కొరత ముదిరిన చోట ప్రభావం ఎక్కువ ఉండవచ్చు, అయినా 3.2 శాతం జనాభా పెరుగుదలకు 8 శాతం అద్దె పెరుగుదలను ఆ లెక్క ఒక్కటే వివరించలేదు. మిగిలిన భాగానికి వడ్డీని, ఏళ్ల తరబడి కట్టకుండా వదిలేసిన ఇళ్లను చూడక తప్పదు. 2030 నాటికి అదనంగా 35 లక్షల ఇళ్లు కావాలని ఇదే సీఎంహెచ్‌సీ 2022లో అంచనా కట్టింది. అది కూడా ఈ నివేదికతో కలిపి చదవవలసిన పత్రమే.

ఇక నా ప్రధాన అభ్యంతరానికి వస్తాను. మన విద్యార్థులలో అత్యధికులు నివసించే ఇళ్లు ఈ నివేదికలో లేవు. మూడు యూనిట్లకు తక్కువ ఉన్న భవనాలు సర్వే పరిధిలోకి రావు. ఒక కుటుంబం పైన ఉండి కింద అద్దెకిచ్చే బేస్‌మెంట్ అందులో ఎక్కడా కనిపించదు. బ్రాంప్టన్‌లో అద్దెకు ఉండడమంటే చాలామందికి బేస్‌మెంటే. ఇటీవల నేను ఒకరికి గది చూడడానికి వెళ్లిన ఇల్లు ఎలా ఉందో చెబితే, నివేదికలో ఏం తప్పిపోతున్నదో తెలుస్తుంది. ఇంటి పక్క సందులో చెక్క గేటు, సైడ్ డోర్, దిగడానికి ఇరుకు మెట్లు. రెండు బెడ్‌రూమ్‌లు, హాలుకు తెర కట్టి చేసిన మూడో గది. ఫర్నేసు పక్కన సోనామసూరి బస్తాలు, ఫ్రిజ్‌లో ఒక్కో అరకు అంటించిన ఒక్కో పేరు, వాషింగ్ మెషిన్ మూత మీద ఎవరికి ఏ రోజో రాసిన కాగితం. ఐదుగురు కుర్రాళ్లు, తలా 550 డాలర్లు, కరెంటు, ఇంటర్నెట్ కలిపి. అంతకుముందు ఒకే కుటుంబం 1,500 డాలర్లకు ఉండేదట. అదే నేల, అదే పైకప్పు, ఇప్పుడు 2,750 డాలర్లు.

వలసలు అద్దెను పెంచే దారి ఇక్కడ కంటికి కనిపిస్తుంది. ఇల్లు కుటుంబం లెక్కన కాక తల లెక్కన అద్దెకు పోతోంది. ఒక్కొక్కరు తక్కువే కడుతున్నామనుకుంటారు, కానీ ఐదుగురి జేబులూ కలిస్తే ఒక జీతం మీద బతికే కుటుంబం పోటీ పడలేని మొత్తమవుతుంది. ఆ కుటుంబం కూడా చాలాసార్లు వలస కుటుంబమే. పైన ఉండే యజమానిని దురాశపరుడని తీసిపారేయడానికీ లేదు. ఈ ఇంటి యజమాని కూడా పదిహేనేళ్ల క్రితం ఇలాగే వచ్చినవారు, మారే వడ్డీ మీద అప్పు తీసుకోవడం వల్ల ఆయన నెల కంతు వెయ్యి డాలర్లకు పైగా పెరిగింది. ఇంత జరిగినా, ఈ ఇంట్లో అద్దె ఎంత మారిందో, తలకు ఎన్ని చదరపు అడుగులు మిగిలాయో, ఏ పట్టికలోనూ నమోదు కాదు. సర్వేకు యూనిట్ ప్రమాణం, మనిషి కాదు. కొత్తగా వచ్చినవారి వల్ల అద్దె ఎంత పెరిగిందని అడిగే దేశం, ఆ కొత్తవారు ఉండే ఇళ్లనే కొలవకుండా జవాబు చెప్పుకుంటోంది.

సర్వే సమయం కూడా మనకు అంతగా అనుకూలం కాదు. విద్యార్థులు సెప్టెంబరు, జనవరి, మే నెలల చదువులకు వస్తారు. అక్టోబరులో ఒక్కసారి తీసిన లెక్కలో సెప్టెంబరు రద్దీ ముగిసిన వెంటనే ఉండే స్థితే కనిపిస్తుంది. జనవరి చలిలో గది దొరకక తిరిగేవారి అవస్థ కనిపించదు. నివేదిక ఇచ్చే అద్దెలో కరెంటు, హీటింగ్ కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు, దానికి సర్దుబాటు ఏమీ చేయరు. కాబట్టి రెండు నగరాలను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ప్రకటనల సైట్లు ప్రతి నెలా ఇచ్చే లెక్కలు తాజాగా ఉంటాయి, కానీ అవి యజమానులు అడిగే అద్దెలు మాత్రమే. చివరికి ఎంతకు కుదిరిందో వాటిలో ఉండదు, పాత అద్దెదారుల స్థితి అసలే ఉండదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడమే మేలని నా అనుభవం.

2024 సంచిక గురించి ప్రత్యేకంగా ఒక మాట. ఆ ఏడాది జనవరి 22న కేంద్ర ప్రభుత్వం విద్యార్థి అనుమతులకు పరిమితి విధించి, 2023తో పోలిస్తే 35 శాతం తగ్గించి, సుమారు 3,60,000కు కుదించింది. విద్యార్థి చూపించవలసిన ఖర్చుల డబ్బును కూడా 10,000 నుంచి 20,635 డాలర్లకు పెంచింది. అక్టోబరులో శాశ్వత నివాస లక్ష్యాన్ని 2025కు 3,95,000కు తగ్గించింది. నివేదికలో జాతీయ ఖాళీల శాతం 2.2కు పెరిగింది, అద్దె పెరుగుదల 5.4 శాతానికి నెమ్మదించింది. దీన్ని చూపి, విద్యార్థులను ఆపగానే అద్దె దిగివచ్చిందని చాలామంది వాదించారు. నివేదికను పూర్తిగా చదివితే, అదే ఏడాది అద్దె ఇళ్ల సంఖ్య గత ముప్పై ఏళ్లలో లేనంత వేగంగా, 4.1 శాతం పెరిగిందని కూడా ఉంటుంది. డిమాండ్ తగ్గడం, ఇళ్లు పెరగడం ఒకేసారి జరిగాయి. ఏది ఎంత పని చేసిందో నివేదిక విడదీసి చెప్పదు, చెప్పనందుకు నేను తప్పుపట్టను. తేల్చలేని దాన్ని తేల్చినట్టు రాయకపోవడం మంచి లక్షణం. అద్దెదారు మారిన ఇళ్లలో మాత్రం అప్పటికీ ఉపశమనం లేదని 23.5 శాతం అంకె గుర్తుచేస్తూనే ఉంది.

కొత్తగా వచ్చేవారు దీన్ని ఎలా వాడుకోవాలి? మొదట తాము వెళ్లే నగరంలో, మండలంలో ఖాళీల శాతం చూసుకోవాలి. అది 1.5 దగ్గర ఉంటే బేరానికి చోటు లేదని, 3 దాటితే ఉందని స్థూలంగా అనుకోవచ్చు. ఖాళీలు తక్కువగా ఉన్నప్పుడే యజమానులు ఆరు నెలల అద్దె ముందుగా కట్టమనడం, డ్యామేజీ డిపాజిట్ అడగడం ఎక్కువవుతుంది, ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేని కొత్తవారు కాదనలేరు గనుక. ఒంటారియో చట్టం ప్రకారం డిపాజిట్‌గా ఒక నెల అద్దెకు మించి అడగకూడదు, అది చివరి నెల అద్దె కింద జమ కావాలి, డ్యామేజీ డిపాజిట్ అసలే కుదరదు. అయితే యజమానితో లేదా ఆయన కుటుంబంతో వంటగదినో బాత్‌రూమ్‌నో పంచుకునే గదికి ఆ చట్టం వర్తించదు. ఈ ఒక్క తేడా తెలియక ఇబ్బంది పడేవారు చాలామంది కాబట్టి, గది ఒప్పుకునే ముందు వంటగది ఎవరిదని తప్పకుండా అడగాలి. ఈ చట్ట వివరాలు నివేదికలో ఉండవు. విడిగా ఒంటారియో ప్రభుత్వ ప్రామాణిక ఒప్పంద పత్రంలో చూసుకోవాలి. అద్దెకు దిగేవారికి 2018 ఏప్రిల్ 30 నుంచి ఆ పత్రంలోనే ఒప్పందం రాసివ్వడం చాలా రకాల ఇళ్లకు తప్పనిసరి.

కాండోలో లేదా అపార్ట్‌మెంట్‌లో ఇల్లు తీసుకోబోయే ఉద్యోగస్తులకు, కుటుంబాలకు ఈ నివేదికను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. యజమాని చెప్పే ధర న్యాయమైనదో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన ఉచిత ఆధారం లేదు. వలసల మీద వాదించదలచుకున్న ఎవరికైనా, ఏ పక్షం వారికైనా, అద్దెదారు మారిన ఇళ్ల పట్టిక చూడకుండా మాట్లాడవద్దని చెబుతాను. షేరింగ్ గది వెతుక్కునే విద్యార్థికి మాత్రం ఇది సగమే ఉపయోగం. ఆ మిగతా సగం పూరించడం సీఎంహెచ్‌సీకి అసాధ్యమేమీ కాదు. బేస్‌మెంట్లను నమోదు చేసే పద్ధతి ఒంటారియోలోని పలు నగరాలలో ఇప్పటికే ఉంది. బ్రాంప్టన్ 2024లో కొన్ని వార్డులలో అద్దె ఇళ్లకు లైసెన్సు విధానం కూడా మొదలుపెట్టింది. ఆ జాబితాల నుంచి కొన్ని ఇళ్లను ఎంచుకుని, ఏడాదికి ఒకసారి కాకపోయినా రెండేళ్లకోసారైనా, అద్దె ఎంత, అందులో ఉండేది ఎంతమంది అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు.